ఎండలో పెట్టిన రికార్డు

చంద్రపూర్,
22 ఆగస్టు 1993.

చిరంజీవి సౌభాగ్యవతి హేమలతకు మీ బాపు ఆశీస్సులు. ఇక్కడ నేను, మీ అమ్మ కుశలమే. వేళకు తింటున్నాం, వేళకు పడుకుంటున్నాం. అంతకు మించి మా కుశలం అడగకు. కాగజ్‌నగర్‌లో నువ్వు, అల్లుడు, పెద్దవాడు, మూడు నెలల పాప బాగున్నారని తలుస్తాను.

ఈ ఉత్తరం మాత్రం అల్లుడి చేత చదివించుకోకు బిడ్డా. నీ చదువంతా మరాఠీలో సాగింది, తెలుగు కూడబలుక్కుని చదవాలని నాకు తెలుసు. అందుకే అక్షరాలు లావుగా, విడివిడిగా రాస్తున్నాను. మీ ఇద్దరినీ దుకాణంలో గల్లా పక్కన కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించింది నేనే కదా. మీ అన్న ప్రహ్లాద్ 'ళ' రాయలేక పలక విసిరికొట్టేవాడు. నెమ్మదిగా చదువు, తొందరేం లేదు.

అమ్మ మోకాలి నొప్పి గురించి అడిగావు. కొంచెం తగ్గింది. వానలు గట్టిగా పడుతున్నాయి, లాల్‌పేట్ రోడ్డంతా నల్లటి బురద. దుకాణంలో బేరాలకు కొదవ లేదు. ఊళ్ళోకి కేబుల్ వచ్చాక ప్రతివాడికీ కలర్ టీవీ కావాలి. మీ అన్న కూర్చునే మూల, జనం తెచ్చిన చీటీలు చూసి రికార్డుల మీంచి క్యాసెట్లలోకి పాటలు ఎక్కించే మూల, ఇప్పుడు టీవీ డబ్బాలతో నిండిపోయింది. నేను అటు వీపు పెట్టి కూర్చుంటున్నాను.

ఇక అసలు సంగతి. అన్న ఇంగ్లీషు రికార్డు పంపండి, పాపకు వినిపిస్తాను అని రాశావు. లాల్‌పేట్ గనిలో పనిచేసే ఆఫీసరు బదిలీ మీద పోతూ వాడి చేతిలో పెట్టినది. ఆ బ్యాండు వాళ్ళ మంచి పాటలన్నీ ఏరి ఒక్కచోట వేసిన రికార్డు. అట్ట మీద నలుగురు కోట్లు వేసుకుని వానలో తడుస్తూ నిలబడి ఉంటారు. లండన్ దొరలై ఉండి నలుగురికీ కలిపి ఒక్క గొడుగు కొనుక్కోలేదా అని నేను ఎగతాళి చేస్తే మీరిద్దరూ నా మీదికి వచ్చేవాళ్ళు. మధ్యాహ్నం షట్టరు సగం దించి ఆ రికార్డే వేసేవాళ్ళు. ఒక్క ముక్క అర్థం కాకపోయినా ఇద్దరూ గొంతు చించుకునేవాళ్ళు. నాకు తలనొప్పి వచ్చేది. ఇప్పుడు ఆ తలనొప్పి కోసం ఏడుస్తున్నాను.

రికార్డు పంపుతాను. కానీ అది నువ్వు చూసిన రికార్డులా లేదు. ఎందుకలా అయిందో చెప్పాలంటే మీ అన్న వరోరాకు ఎందుకు పోయాడో చెప్పాలి. ఎవరికో ఆంప్లిఫయర్ ఇచ్చి రావడానికి పోయాడని నీకు రాశాను. అది అబద్ధం.

టీవీల ఏజెన్సీ వచ్చింది, చోటు కావాలి. ఆ రోజు వాడు ఒక సెట్టు బాగుచేయడానికి లాల్‌పేట్ వెళ్ళాడు. వాడు లేని వేళ చూసి, అలమారాలోని రికార్డులన్నీ వరోరా నుంచి వచ్చే పాత సామాన్ల రాజలింగుకు తూకానికి ఇచ్చేశాను. వాడుంటే ఒప్పుకోడని తెలిసే ఇచ్చాను.

సాయంత్రం వచ్చి ఖాళీ అలమారా ముందు నిలబడ్డాడు. "బాపూ, నా రికార్డులేవి?"

"రాజలింగుకిచ్చిన. గిప్పుడెవడు కొంటుండురా గవి?"

"గా వానల నిలబడ్డోళ్ళది గూడ ఇచ్చినవా?"

"అన్నీ ఇచ్చిన."

వాడు అరిచినా బాగుండేది. అన్నం తినకుండా పడుకున్నాడు. మర్నాడు పొద్దెక్కాక లూనా బండి బయటికి తీశాడు. మే నెల, మన ఊరి ఎండ సంగతి నీకు చెప్పాలా? "గీ ఎండల ఏడికిరా? నెత్తికి రుమాలన్న కట్టుకో" అని మీ అమ్మ రుమాలు తడిపి తానే కట్టింది. జేబులో ఉల్లిగడ్డ వేసింది. నేను గల్లా దగ్గర కూర్చుని చూస్తున్నాను. ఆగమని ఒక్క మాట అనలేదు.

నాలుగింటికి తిరిగొచ్చాడు. నెత్తి మీద రుమాలు లేదు. ఆ రుమాలు తడిపి రికార్డుకు చుట్టి, పొట్టకు ఆనించి పట్టుకున్నాడు. వరోరా నుంచి ఇక్కడిదాకా, నలభై కిలోమీటర్ల పైన, ఉత్త నెత్తితో వచ్చాడు బిడ్డా. ముఖం ఎర్రగా కాలిపోయి ఉంది. "కడమవన్నీ లారీల పోయినయట బాపూ. గిదొక్కటే దొరికింది" అని నా చేతిలోనే పెట్టాడు, నా మీద కోపం లేనట్టు. "ఎండల పెట్టకు, వంగిపోతది" అన్నాడు. నీళ్ళడిగాడు. తాగిన నీళ్ళు కడుపులో నిలవలేదు. దవాఖానలో సెలైన్ ఎక్కిస్తుండగానే, దీపాలు పెట్టే వేళకు పోయాడు. వడదెబ్బ అన్నారు. ఆ దెబ్బ నాదే.

పదో రోజు పెట్టిన పిండం పిట్ట ముట్టిందా అని అడిగావు. నువ్వు పచ్చి బాలింతవు, రాలేకపోయావు. పెట్టగానే ముట్టిందని రాశాను. అదీ అబద్ధమే. ఇరై నది ఒడ్డున ఇసుకలో విస్తరి వేసి వాడికి ఇష్టమైనవన్నీ పెట్టాం. కాకులు తుమ్మచెట్టు మీదే కూర్చున్నాయి. గంట గడిచింది. మీ అమ్మను మంచిగా చూసుకుంటామని ఒకరు, చెల్లెను మరిచిపోమని ఒకరు వాడికి మాట ఇచ్చారు. ఒక్క కాకీ దిగలేదు. మన దుకాణం సమ్మయ్య నా దగ్గరికి వచ్చి, "పిలగాడు పానం లెక్క చూసుకునేదేమన్న మర్సిపోయినమా సేటూ?" అన్నాడు.

నేను ఇంటికి పరుగెత్తి రికార్డు తెచ్చాను. తిండిని మూట విప్పి పెడతాం కదా, అట్లాగే దాన్ని అట్టలోంచి తీసి విస్తరి పక్కన ఇసుక మీద పెట్టాను. వాడు చెప్పిన మాట నాకు గుర్తే లేదు. చేతులు జోడించి చెట్టు వైపే చూస్తూ నిలబడ్డాను. ఎంతసేపైందో తెలియదు, కిందికి చూస్తే రికార్డు అంచు అప్పడంలా లేస్తోంది. అప్పుడు వాడి మాట వినబడింది. నా నెత్తి రుమాలు ఊడదీసి దాని మీద కప్పాను. "తప్పయింది బిడ్డా" అని అందరి ముందూ ఏడ్చాను. నేను వెనక్కి జరగగానే కాకి దిగింది.

నీకు ఈ మూడు నెలలూ చెప్పలేకపోయాను. ఉన్న ఒక్కదానివీ నన్ను బాపూ అని పిలవడం మానేస్తావేమోనని భయం. మీ అమ్మకు మొదటి రోజు నుంచీ అన్నీ తెలుసు. నిన్న నీ ఉత్తరం చూసి, "రాయి. పొల్ల అడుగుతాంది, దాయకు" అంది. ఇన్నాళ్ళలో తనంతట తాను నాతో అన్న మొదటి మాట అదే.

రికార్డు అంచున ఉన్న పాటలు ఇక పలకవు, ముల్లు ఎగిరిపోతుంది. లోపలి రెండు పాటలు మాత్రం పలుకుతున్నాయి. పాపకు అవి వినిపించు. ఎవరిదని అడిగే వయసు వచ్చాక మామ గురించి చెప్పు, ఈ తాత చేసినదీ చెప్పు. జవాబు రాయాలనిపిస్తే మరాఠీలోనే రాయి. రాయాలనిపించకపోతే నేను ఏమీ అనుకోను.

సమ్మయ్య రేపు పొద్దుటి బండికి మీ ఊరు వస్తున్నాడు. రికార్డును మీ అన్న రుమాలులోనే చుట్టాను. తడిపి చుడుతుంటే, "వానకాలంల ఎండేడిది సేటూ?" అన్నాడు సమ్మయ్య. అయినా తడిపే చుట్టాను.

ఇట్లు,
మీ బాపు
అనంతరావు