వచ్చే ఏడాది వెళ్ళిపోతాం

ఆగస్టు 20, సోమవారం. ఉదయం 6.10
ఇవాళ్టి నుంచి ఆ మాట అనను. ఒట్టు!

"వచ్చే ఏడాది ఇజ్రాయెల్ వెళ్ళిపోతాం." లాస్ ఏంజెలెస్‌లో దిగిన రోజు నుంచి అంటున్నాను. దిగి ఇరవై రెండేళ్ళయింది.

ఆ మాట పుణ్యమా అని మా ఇంట్లో లేనివి: సోఫా. కర్టెన్లు. నా కింది దవడలో ఒక పన్ను (ఇజ్రాయెల్‌లో, హైఫాలో బావమరిది పళ్ళ డాక్టరు, అక్కడే కట్టించుకుందామని). భోజనాల బల్ల.

నిన్న మా ఆవిడ హగిత్ మడత బల్ల మీద చెయ్యి పెట్టి అడిగింది: "గిడోన్, ఇది ఇల్లా, బస్టాండా?" మన యూదుల కొత్త సంవత్సరానికి పన్నెండుమంది కూర్చునే చెక్క బల్ల కావాలట. అందుకే ఈ ఒట్టు.

పండగ సెప్టెంబరు 9న. ఇరవై రోజులు ఒక్క వాక్యం మింగలేనా? మండుటెండలో ఇళ్ళ కప్పులెక్కి ఏసీలు బాగుచేసేవాణ్ణి!

ఆగస్టు 21. సాయంత్రం 7.00
ఒక్కసారి కూడా అనలేదు. బ్రహ్మాండం. వేయించిన వంకాయ నాకే రెండు ముక్కలు ఎక్కువ పడ్డాయి.

ఆగస్టు 24, శుక్రవారం
మా దేశంవాడే షిమ్రి, వాడి కొట్లో సరుకులు. వాడు నాకంటే ముదురు, ముప్ఫై నాలుగేళ్ళ నుంచి వచ్చే ఏడాదే వెళుతున్నాడు. ప్రయాణం ఎప్పుడ్రా అని అడిగాడు. "వచ్చే ఏ..." దగ్గర నాలుక కరుచుకున్నా. సగం మాట లెక్కలోకి రాదు.

ఆగస్టు 26
ఫోన్ కంపెనీ అమ్మాయి రెండేళ్ళ ప్లాను అంటగట్టబోయింది. వద్దమ్మా, వచ్చే ఏడాది వెళ్ళిపోతాం అన్నాను. అయితే ఇంగ్లీషులో. నేను ఒట్టు వేసింది హీబ్రూలో.

ఆగస్టు 28. మధ్యాహ్నం 3.30
వడ్రంగి ఆర్టురో షెడ్డుకి వెళ్ళాం. వాల్‌నట్ చెక్క. హగిత్ దాన్ని పసిపిల్లని నిమిరినట్టు నిమిరింది. చాలా రోజులకి ఆమె మొహం అలా వెలగడం చూశా. అంతా సవ్యంగా జరుగుతోంది కదా, ఊరుకోవచ్చు కదా. కాళ్ళు ఊడతాయా, ఓడ కంటైనర్లో పడుతుందా అని అడిగా.

ఇంటికొచ్చి తలుపు తీస్తూ హగిత్ అంది: "నోటితో అనలేదులే. పుట్టని బల్లకి టికెట్టు మాత్రం కొనేశావు."

ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నేనే ఆ సోమలింగం తండ్రిని.

సెప్టెంబరు 1
మూడుసార్లు. ఒకటి ఇక్కడి పళ్ళ డాక్టరుతో. పన్ను నొప్పిలో అన్నది ఎలా లెక్కేస్తాం?

సెప్టెంబరు 3. సెలవు
42 డిగ్రీలు. ఎన్నిసార్లో తెలీదు. లెక్క మానేశా. పోస్టుమేన్‌తో కూడా అన్నాను, పాపం అతను ఏమీ అడగలేదు. హగిత్ పట్టించుకోవడం మానేసింది. తిట్టినా బాగుండు.

సెప్టెంబరు 8. ఉదయం 11.00
బల్ల వచ్చింది! వాకిలి పట్టలేదు. నిలువుగా, అడ్డంగా, తలకిందులుగా తిప్పి చూశారు. కాళ్ళు ఊడదీయమన్నా. ఆర్టురో తల అడ్డంగా ఊపాడు. కాళ్ళు ఎప్పటికీ ఊడకుండా జిగురు పెట్టి బిగించమని అమ్మగారు ఫోన్ చేశారట.

అమ్మగారు నా వంక చూడలేదు. చివరికి ముందుగది కిటికీ చట్రంతో సహా ఊడబీకి, బల్లని లోపలికి దింపి, మళ్ళీ బిగించారు. ఆమె ఒంటరిగా కూర్చుని దాన్ని తుడుస్తోంది. ఇంత సంతోషాన్ని ఇరవై రెండేళ్ళు ఆపినందుకు సిగ్గేసింది.

సెప్టెంబరు 10. ఉదయం 9.00
పండగనాడు రాయకూడదంటారు. రాయకుండా ఉండలేను.

నిన్న పన్నెండుమందిమి మోచేతులు తగలకుండా కూర్చున్నాం. పండగ ఆనవాయితీగా యాపిల్ ముక్కలు తేనెలో ముంచుతుంటే షిమ్రి బల్లని తట్టి, ఇంతదాన్ని మళ్ళీ బయటికి ఎలా తీస్తారని అడిగాడు. నేను గబుక్కున నోట్లో యాపిల్ కుక్కుకున్నా.

హగిత్ వడ్డిస్తూ, తల ఎత్తకుండానే అంది: "ఏముంది, వచ్చే ఏడాది వెళ్ళేటప్పుడు కిటికీ మళ్ళీ ఊడబీకుతాం."

ఇక్కడే పుట్టిన మా అమ్మాయి నోఫర్ ఒక్కతే నవ్వింది. మిగతావాళ్ళంతా మాలాగే అక్కణ్ణించి వచ్చినవాళ్ళు, అందులో నవ్వడానికి ఏముందో వాళ్ళకి అర్థం కాలేదు. హగిత్ గరిటెతో అలాగే నిలబడిపోయింది. నా వైపు చూసింది. కళ్ళ నిండా నీళ్ళు, పెదవి మీద నవ్వు. ఆ మాట నా ఒక్కడిదే అనుకున్నా ఇన్నాళ్ళూ. ఆమె కూడా లోపల దాన్నే పట్టుకుని బతికింది. నాకూ ఏడుపొచ్చింది. గరిటె తీసుకుని మిగతావాళ్ళకి నేనే వడ్డించా.

ఇప్పుడే, కాఫీ దగ్గర, కొత్త ఒప్పందం. ఈసారి ఇద్దరం. ఆ మాట అననే అనం. ఒట్టు!

వచ్చే ఏడాది దాకా.