వల్లూరులో పిల్లి తిన్న ఓళిగలు

విజయవాడ,
9 మార్చి 2025.

పూజ్యులైన వదినగారు కామాక్షమ్మగారికి,

మీ మరదలు సుకన్య నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ మేం ముగ్గురం కులాసా. మీరు కులాసాగా ఉన్నారనీ, మా మీద మీ కోపం అంతకంటే కులాసాగా ఉందనీ మీ పక్కింటి ఖమ్రున్నీసా ఫోన్లో చెప్పింది.

మేం ఫోన్ చేస్తే మీరు కట్ చేయడం మొదలుపెట్టి ఇవాళ్టికి పద్దెనిమిది రోజులు. అందుకే ఈ ఉత్తరం. ముప్పై ఏళ్ళు వల్లూరు పోస్టాఫీసులో పనిచేసిన మనిషి, చేతికొచ్చిన ఉత్తరాన్ని చదవకుండా చింపరని నా ధైర్యం.

నెలాఖరున మన వర్షిత నిశ్చితార్థం. మేనత్త రాకుండా తాంబూలాలు ఎలా మార్చుకుంటాం? ఆ మాటే ఖమ్రున్నీసా మీతో అంటే, నాకు తమ్ముడే ల్యాడు, ఇంక మేనకోడలు యాడనుంచి వచ్చె అన్నారట. అది విన్నప్పటి నుంచి మీ తమ్ముడు అన్నం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నారు. మీ అమ్మగారు పోయాక మీరే కదా ఆయనకు ముద్దలు కలిపి పెట్టింది. మీరు మాట్లాడకపోతే ఆయనకు దిక్కు తోచదు. నాకూ బాధగానే ఉంది వదినా, దాచుకోను.

ఆ రోజు ఏం జరిగిందో వరసగా చెబుతాను. తరువాత మీ ఇష్టం.

నా మోకాలి ఆపరేషన్ బాగా జరిగితే నన్ను తిరుమల కొండ నడిపించి ఎక్కిస్తానని మీ తమ్ముడు మొక్కుకున్నారు. మోకాలు నాది, మొక్కు ఆయనది. పోనీలే అనుకుంటే, ఎలాగూ సెలవు పెట్టాం కదా, ముందు నల్లమలలో సఫారీ కూడా చూసేద్దామన్నారు. జీపులో మూడు గంటలు ఎగిరెగిరి పడ్డాం. పులి కనబడలేదు. నాలుగు జింకలు, ఒక నెమలి, ఫారెస్టు వాళ్ళ టీ కొట్టు కనబడ్డాయి. జీపుకీ కొండకీ మధ్య ఒకరోజు కాలు చాపుకుని పడుకోవాల్సిందేనని డాక్టరు ముందే చెప్పాడు. రాత్రికి ప్రొద్దుటూరులో మీ మేనమామగారింట్లో నిద్ర, మర్నాడు మధ్యాహ్నం భోజనం, కునుకు మీ ఇంట్లో, సాయంత్రం తిరుపతి. ఇదీ మేం మీకు చెప్పిన లెక్క.

మీ తమ్ముడు ఊరికే ఉండరుగా! ప్రొద్దుటూరులో ఈరోజు ఫుల్ రెస్ట్ అని పొద్దున్నే ఫోన్లో స్టేటస్ పెట్టారు. మా విశ్రాంతి అక్కడితో సరి.

ఆదినారాయణ మామయ్య బట్టల కొట్టు తెరవడం కూడా మానేసి పక్కనే నిలబడి ఉగ్గాని, బజ్జీ, ఎర్రకారం దోసె పెట్టించారు. చాలు మామయ్యా అంటే, దోసెకేముందమ్మీ, అదేమన్నా కడుపులో నిలబడుతుందా అన్నారు. నిలబడింది వదినా. ఇంతలో జమ్మలమడుగు నుంచి మీ తమ్ముడి సహోపాధ్యాయుడు ఇమ్మానుయేలు మాస్టారి ఫోన్. ఇంత దూరమొచ్చి మా గడప తొక్కకుండా పోతాండావా అప్పా అని అడిగారట. పది నిమిషాలు కూర్చుని వచ్చేద్దామని వెళ్ళాం. మాస్టారి భార్య ఎస్తరు, రేపు కొండకు పోతున్నామని తెలిసి, పాపం కోసిపెట్టుకున్న కోడిని పక్కింటికి ఇచ్చేసి, సంగటి కెలికి, గుత్తివంకాయ, శెనక్కాయల ఊరిబిండి పచ్చడి చేసి పెట్టింది. మా కోసం కూర మార్చిన ఇల్లాలికి ఆకలి లేదని ఎలా చెప్పను? పదిన్నరకే రెండు ముద్దల సంగటి తిన్నాను.

అక్కడ తిన్న సంగతి పులివెందులలో మీ చిన్నమ్మకు ఎవరు చేరేశారో తెలియదు. వాళ్ళిండ్లల్లో తింటిరంట, మా ఇంట్లో తినేదానికి మేమేం పాపం జేసినామని ఫోన్లోనే ఏడ్చేసింది. ముసలావిడ ఏడిస్తే మీ తమ్ముడు కారు తిప్పకుండా ఉంటారా? అక్కడ నిండు విస్తరి. పప్పు, చిత్రాన్నం, పరమాన్నం. వద్దని విస్తరి మీద చెయ్యి అడ్డం పెడితే చెయ్యి మీదే నెయ్యి పోసింది. నల్లమలలో పులికైనా దొరకలేదు గానీ, మీ జిల్లాలో చుట్టాలకు అడుగడుగునా దొరికిపోయాం.

వేంపల్లె దాటాక కారు టైరు పంక్చరయింది. దాన్ని బాగుచేయించుకునేసరికి బాగా పొద్దుపోయింది. ఆ వేళ మిమ్మల్ని ఇబ్బంది పెట్టడమెందుకని నేరుగా తిరుపతి వెళ్ళిపోయాం. ఇదే సంగతి ఆయన ఫోన్లో చెబితే, అందరిండ్లల్లో మెక్కినావు, నా ఇంటికి మాత్రం టైరు అడ్డమొచ్చెనా అని మీరు ఫోన్ పెట్టేశారు.

మర్నాడు కొండ బాగానే ఎక్కాం. నా మోకాలు ఏమీ అనలేదు. మొక్కుకున్న మనిషే గాలిగోపురం దగ్గర కూలబడ్డారు. నువ్వు పో, నేనీడనే ఉండి దండం పెట్టుకుంటా అన్నారు. సంచిలో ఉన్నదేదో తిని, నీళ్ళు తాగి, అరగంటకు లేచారు. మోకాళ్ళ పర్వతం దగ్గర నేనే ఆయన చెయ్యి పట్టుకుని ఎక్కించాను.

మరొక్క విషయం. మీరు మా కోసం చేసిన ఓళిగల్లో, అదే మా వైపు బొబ్బట్లు, రెండు ఆ మధ్యాహ్నం మాయమయ్యాయనీ, ఖమ్రున్నీసా పిల్లి తినిపోయిందని మీరు దాన్ని చీపురుతో వీధి చివరిదాకా తరిమారనీ, ఇప్పుడు వాళ్ళతో కూడా సరిగా మాట్లాడటం లేదనీ ఆవిడే చెప్పి బాధపడింది. పిల్లి మీద కోపం వద్దు వదినా. నిశ్చితార్థానికి తప్పక రండి. వర్షిత మీ పక్కనే కూర్చుంటానంటోంది.

ఇట్లు,
మీ ఆశీస్సులు కోరే మరదలు,
సుకన్య

తా.క. ఉత్తరం మీ తమ్ముడికి చదివి వినిపించాను. టైరు దగ్గరికి రాగానే లేచి వెళ్ళి కుండీల్లో మొక్కలకు నీళ్ళు పోస్తున్నారు. పొద్దున ఒకసారి పోశారు. ఇక నా వల్ల కాదు, నిజం రాసేస్తున్నాను.

టైరుకు ఏమీ కాలేదు. మూడున్నరకు మేం మీ ఇంటికి వచ్చాం. తలుపు దగ్గరగా వేసి ఉంది. రెండు విస్తళ్ళు పరిచి, గిన్నెలన్నీ మూతలు పెట్టి, ఎదురుచూసి ఎదురుచూసి మీరు ఆ పక్కనే చాప మీద నిద్రపోయారు. మీ నుదుటి నిండా చెమట. నేను లేపబోతే ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. మా యక్క పగలు నిద్రపోతాంటే పుట్టినాక ఇదే చూసేది, లేపొద్దు అన్నారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు. లేపితే మీరు తినిపించక మానరు, తింటే మేం బతకం అన్నది కూడా నిజమే, అబద్ధమెందుకు?

ఇద్దరం దొంగల్లా అడుగులో అడుగేసుకుంటూ బయటికొచ్చాం. కారెక్కాక చూస్తే ఆయన జేబు రుమాల్లో రెండు ఓళిగలు ఉన్నాయి. అక్క చేసినవి తినకుండా ఎట్ల పోయేదన్నారు. గాలిగోపురం దగ్గర తిన్నది అవే, చెరొకటి. ఆ రెండు రోజుల్లో మేం ఆకలేసి తిన్నది మీ చేతి వంట ఒక్కటే వదినా.

నమ్మకం లేకపోతే ఒకసారి గుర్తు తెచ్చుకోండి. పగలు ఫ్యాను వేస్తే కరెంటు దండగ అనే మనిషి మీరు. మరి ఆ రోజు మీరు నిద్ర లేచేసరికి ఫ్యాను తిరుగుతూ ఉండాలి. పిల్లి ఓళిగలైతే తినగలదు గానీ, ఫ్యాను వేసి పోదు కదా.