కొట్టతనికి ముందే చెప్పాను

ఏవండీ,

ఇవాళ మీ సంవత్సరీకం. మీకు చెప్పుకోక ఎవరికి చెప్పుకోను?

మన సుజాత మాత్రలతో కాస్త తేరుకుంది. రోజూ ఒక్కతే కొట్టుకి వెళ్లి, ఎవరితోనైనా రెండు మాటలు మాట్లాడి రమ్మని ఏలూరు ఆసుపత్రిలో కౌన్సెలింగ్ చేసేవారు చెప్పారు. వారం రోజులుగా వెళ్తోంది, నవ్వుతూ వస్తోంది.

ఇవాళ కొట్టతను, "మీ అమ్మగారు ముందే చెప్పారులేమ్మా, భయపడకుండా మాట్లాడు" అన్నాడట.

చెప్పాను మరి. ఎవరైనా విసుక్కుంటే మళ్లీ గదిలో ముడుచుకుంటుందేమోనని, వీధిలో ప్రతి గుమ్మం ఎక్కి చెప్పాను.

పెరుగు ప్యాకెట్ నా చేతిలో పెట్టి అడిగింది: "అందరూ నా గురించే మాట్లాడుకుంటున్నారంటే, అది జబ్బన్నావు కదమ్మా?"

అలవాటుగా మాత్రల డబ్బా తీశాను. నిజం చెప్పిన పిల్లకి మాత్ర ఎలా ఇవ్వనండీ?