ఎస్తేరు మీద ఆనుకున్నదెవరు?

డ్రై ఫోర్క్, ఓక్లహోమా
1998 జూన్ 9

యెరూషలేములోని దేవాలయ సేవా సంఘం, పశుపరీక్ష విభాగం వారికి

అయ్యా, ప్రభువు నామంలో వందనాలు.

నా పేరు వెర్నా ల్యూ హోల్కామ్. వయసు యాభై రెండు. మావారు డెల్మర్, నేను ఇక్కడ గోధుమ వేస్తాం, ఎర్ర ఆంగస్ పశువులు పెంచుతాం. మోషే ధర్మశాస్త్రంలోని ఎర్ర పెయ్య కోసం మీరు లోకమంతా వెతుకుతున్నారని మా పాస్టరు బ్రదర్ మెక్కర్డీ మొన్నటి ఆదివారం ప్రసంగంలో చెప్పారు. దానికి మచ్చ ఉండకూడదట, అది కాడి మోసి ఉండకూడదట. అలాంటి పెయ్య బూడిద దొరికితే తప్ప మీ దేవాలయం మళ్ళీ లేవదట. ప్రసంగం సగంలో ఉండగానే మావారు నన్ను మోచేత్తో పొడిచారు. అది మా కొట్టంలోనే ఉంది.

వివరాలు రాస్తున్నాను. పేరు ఎస్తేరు. పుట్టింది నిరుడు జనవరి 14న, మంచు తుఫానులో, తెల్లవారిన కాసేపటికి. తల్లి దక్కలేదు. సీసాపాలు పట్టి నేనే పెంచాను. చెవి బిళ్ల నంబరు 47. ముక్కు నుంచి తోక దాకా ఇటుక రంగే, గిట్టలతో సహా. దాని సంగతులన్నీ రోజువారీ నోటు పుస్తకంలో రాస్తున్నాను. నకలు, ఫోటో జతచేశాను. మొదటి పేజీ మాత్రం పంపడం లేదు, అందులో సొంత విషయాలున్నాయి.

మా సంఘంలో అందరం ఒకే పార్టీకి ఓటేస్తాం. నిలబడ్డవాళ్ళు ఓట్లడగడానికి వస్తే మేం మొదట అడిగేది యెరూషలేము గురించి. గోధుమ ధర ఆ తర్వాత. ఈ నవంబరులో వాషింగ్టన్ సభకు పోటీ చేస్తున్న రాయ్స్ టిల్‌మన్ గారు ఎస్తేరు సంగతి విని స్వయంగా ఫోన్ చేశారు.

పరీక్షకు ఎప్పుడొస్తారో తెలపండి. వచ్చే జనవరికి దానికి రెండేళ్ళు నిండుతాయి. మీరు ఒప్పుకుంటే దాన్ని ఏం చేస్తారో నాకు తెలుసు. వధించి, పూర్తిగా కాల్చి, ఆ బూడిద నీళ్ళలో కలుపుతారు. వాక్యంలో ఉంది కాబట్టి నేనూ రాస్తున్నాను.

మీ విధేయురాలు,
వెర్నా ల్యూ హోల్కామ్

తా.క. నేను బట్టలారేసే తీగ దాకా అది రోజూ వెంటే వస్తుంది. ఇది లోపం కిందికి వస్తుందా?


యెరూషలేము
జూన్ 24

గౌరవనీయులైన హోల్కామ్ గారికి, యెరూషలేము నుంచి శాంతి.

మీ ఉత్తరం, ఫోటో, నూట ముప్పై పేజీల నోటు పుస్తకం అందాయి. నలభై ఏళ్ళుగా పశువైద్యుణ్ణి. పెయ్య ఏ రోజు ఎన్నిసార్లు తుమ్మిందో రాసిపెట్టిన మనిషి ఇప్పటిదాకా తారసపడలేదు. మా దస్త్రానికి కూడా 47 అనే పేరు పెట్టాం.

ఎరుపు కాని వెంట్రుకలు రెండు పక్కపక్కన ఉంటే పెయ్య పనికిరాదు. భూతద్దం పెట్టి చూసి రాయండి. దాని మీద ఏ బరువూ పడకుండా చూసుకోండి.

ఒక ప్రశ్న ఉంది. సంఘం తరఫున కాదు, నా తరఫున. మా ప్రభుత్వాన్ని మేమే రోజూ రొట్టె కొట్టు ముందు నిలబడి తిట్టుకుంటాం. అంత దూరాన ఉండి, ఒక్కసారైనా మమ్మల్ని చూడకుండా, మీరు మా పక్షం ఎందుకయ్యారు?

ఇట్లు,
గెర్షోన్ ల్యూస్టిగ్, పశువైద్యుడు

తా.క. తీగ దాకా వెంట రావడం లోపం కాదు. మా ధర్మశాస్త్రంలో ఆ ప్రస్తావనే లేదు. ఉండాల్సింది.


డ్రై ఫోర్క్
జూలై 8

డాక్టర్ ల్యూస్టిగ్ గారికి వందనాలు.

మూడు రోజులు పట్టింది. దువ్వెనతో పాయలు తీసి, మెడ నుంచి మొదలుపెట్టి, భూతద్దంతో చూశాను. ఎడమ తుంటి దగ్గర తెల్ల వెంట్రుక ఒకటి ఉంది. పక్కన ఇంకోటి లేదు. "పీకేస్తే పోలా?" అన్నారు మావారు. దేవుడు లెక్కపెట్టి ఉంచిన వెంట్రుకను మనం పీకడమేంటని కూర్చోబెట్టాను.

మీ ప్రశ్నకు జవాబు. 1948 మేలో మా నాన్న పొలం దున్నుతున్నాడు. నాకప్పుడు రెండేళ్ళు. ఇశ్రాయేలు దేశం ఏర్పడిందని రేడియోలో విని, మా అమ్మ నన్ను చంకనేసుకుని పొలానికి పరుగెత్తిందట. నాన్న ట్రాక్టర్ ఆపి, దిగి, టోపీ తీసి, అక్కడే చాళ్ళ మధ్య నిలబడ్డాడట. "రాసింది జరుగుతోందే" అన్నాడట. ఇంకేమీ అనలేదట. ఆ రోజుకు దున్నడం అక్కడితో ఆగింది. ఆ పొలాన్ని మేమిప్పటికీ సగం చాలు అనే పిలుస్తాం. అబ్రాహాముకిచ్చిన మాటను దేవుడు నాలుగు వేల ఏళ్ళకు కూడా మరిచిపోలేదంటే, నాకిచ్చిన మాట మాత్రం మరుస్తాడా? మా ఓట్ల వెనక ఉన్నది ఇదే. వేరే రాజకీయం నాకు తెలియదు.

ఇక శుభవార్తలు. మొన్న ఆదివారం ఆరాధన కాగానే సంఘమంతా మా కొట్టానికి వచ్చారు. అరవై ఒక్కమందిమి ఎస్తేరు మీద చేతులుంచి నలభై నిమిషాలు ప్రార్థన చేశాం. చెయ్యి అందనివాళ్ళు ముందున్నవాళ్ళ మీద పెట్టారు. ఎనభై రెండేళ్ళ ఆర్విల్ స్టబ్స్ గారు, తుంటి ఆపరేషన్ అయినా, ముందు వరసలోనే నిలబడ్డారు. ఎస్తేరు కదల్లేదు. అది అలా నిలబడితే ఊరికే చూస్తూ ఉండిపోయాను. మోషే రాయించింది మా కొట్టంలో నెమరేస్తోంది.

అంతకుముందు రోజు, మా స్వాతంత్ర్య దినమైన జూలై నాలుగు ఊరేగింపులో అది అందరికంటే ముందు నడిచింది. టిల్‌మన్ గారు మీ దేశపు జెండా తెచ్చి దాని వీపు మీద కప్పారు. ఫోటో జతచేశాను. ఎంత బాగుందో చూడండి.

మీ సహోదరి,
వెర్నా ల్యూ

తా.క. టిల్‌మన్ గారి ఉపన్యాసంలో రెండో పేజీని ఎస్తేరు తినేసింది. దేవుడు ప్రార్థనలు వింటాడని ఆ ఎండలో చాలామందికి నమ్మకం కుదిరింది.


యెరూషలేము
జూలై 27

వెర్నా ల్యూ గారికి శాంతి.

మీ ఉత్తరం కూర్చుని మొదలుపెట్టాను. మధ్యలో లేచి నిలబడ్డాను. ఫోటో చూసి మళ్ళీ కూర్చున్నాను.

తప్పు నాదే. బరువంటే ఏమిటో నేను విడమరచి రాయలేదు. మనిషి ఆ పెయ్య మీద ఆనుకుంటే అది పనికిరాదు. దాని మీద బట్ట వేసినా పనికిరాకపోవచ్చు. ఒక పెయ్య మీద అరవై ఒక్కమంది చేతులు పెడతారని మా పూర్వులెవరూ ఊహించలేదు.

విషయం మా ధర్మశాస్త్ర పండితులైన ముగ్గురు రబ్బీల ముందు పెట్టాం. తొమ్మిది రోజులుగా వాదించుకుంటున్నారు. చెయ్యి ఉంచడం ఆనుకోవడమవుతుందా అన్నది ప్రశ్న. ఒకాయన మా వంటింటి త్రాసు తెప్పించి తన చెయ్యి తూచుకున్నారు. ప్రార్థన చేసేటప్పుడు చెయ్యి ఇంకా బరువెక్కుతుందని రెండో ఆయన అన్నారు. మూడో ఆయన, అయితే అది ఏ ప్రార్థనో తెలియాలన్నారు.

కాబట్టి రెండు సంగతులు రాయండి. ఎవరు ఆనుకున్నారు? పుట్టినప్పటి నుంచి నేటి దాకా దాని మీద ఏమేమి వేశారు, ఎందుకు వేశారు? ఆ ఎందుకన్నది ముఖ్యం. మీ మాటే సాక్ష్యం. ఇంకెవర్నీ అడగం.

మీ నాన్నగారు టోపీ తీసిన రోజుల్లో ఈ ఊరు ముట్టడిలో ఉంది. నాకు పదహారేళ్ళు. నీళ్ళ బండి దగ్గర బకెట్టు పట్టుకుని వరసలో నిలబడ్డాను. లోకంలో మా కోసం ఎవరూ లేరనుకున్నాం. ఎక్కడో ఒకాయన ట్రాక్టర్ ఆపి నిలబడ్డాడని మాకు తెలియదు. తెలిస్తే బాగుండేది.

ఇంకో ప్రశ్న. దేవాలయం లేచాక క్రీస్తు మళ్ళీ వస్తాడని, లోకం అంతమవుతుందని మీవాళ్ళ నమ్మకం కదా. ఆ కథ చివర్లో, ఆయన్ను నమ్మని నాలాంటి యూదుడికి ఏమవుతుంది?

గెర్షోన్ ల్యూస్టిగ్

తా.క. కాగితం తినడం లోపం కాదు. ఆ రెండో పేజీలో ఏముందో కనుక్కోగలరా? రబ్బీలు అడుగుతున్నారు.


డ్రై ఫోర్క్
ఆగస్టు 16

డాక్టర్ గారికి వందనాలు.

మీ ఉత్తరం బుధవారం కూడికలో చదివాను. తర్వాత ఎవరూ భోజనాలకు లేవలేదు. ఆనుకున్నవాళ్ళు చెయ్యెత్తండని బ్రదర్ మెక్కర్డీ అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. అందరూ ఆర్విల్ గారివైపు చూశారు.

"నేను గోడనీ ఆనుకుంటాను, మా ఆవిడనీ ఆనుకుంటాను. పెయ్యనొదుల్తానా?" అన్నారాయన.

"పెయ్యనెక్కడ ఆనుకున్నావయ్యా? నలభై నిమిషాలూ నా భుజం మీదే ఉన్నావు. ఇంకా నొప్పి తగ్గలేదు" అంది మేజెల్ ప్రూయిట్.

అప్పటి నుంచి, చెయ్యి ఉంచడమంటే ఆనుకోవడమేనని ఒప్పుకునేవాళ్ళు గుడిలో ఒకవైపు, ఒప్పుకోనివాళ్ళు ఇంకోవైపు కూర్చుంటున్నారు. భోజనాల బల్లలు కూడా రెండయ్యాయి.

జెండా సంగతికి టిల్‌మన్ గారు ఫోన్ చేశారు. "ఎండ తగలకుండా వేశామని రాసేయమ్మా, ఎవరు చూడొచ్చారు?" అన్నారు. మూడు రోజులు నాకు పని మీద చెయ్యి ఆడలేదు. అలా రాస్తే ఎస్తేరు కాలిపోతుంది. నిజం రాస్తే, మా నాన్న టోపీ తీసి ఎదురుచూసింది నా వల్లే ఆగిపోతుందేమో. దాన్ని చూస్తే ఒకలా ఉంటుంది, నాన్న ఫోటో చూస్తే ఇంకోలా. చివరికి, దేవుడి ఇల్లు నా అబద్ధం మీద లేవనక్కర్లేదనుకున్నాను. జెండా వేసింది ఎండకు కాదు. ఫోటో కోసం. రెండు కొసలు పట్టుకుంది నేనే.

ఇంకోటి కూడా చెప్పాలి. నోటు పుస్తకం మొదటి పేజీ ఈసారి పంపుతున్నాను. ఎస్తేరు పుట్టినప్పుడు వొళ్ళంతా మంచు కట్టింది. ఊపిరి అందడం లేదు. నా వొంటి మీదున్న కోటు తీసి కప్పి, పక్కనే గడ్డిలో పడుకున్నాను. అది మా అమ్మ కోటు. అమ్మ పోయి అప్పటికి తొమ్మిది రోజులు. గంటసేపు ఏడ్చాను. రోజూ పాల కొలత రాసే పుస్తకంలో ఆ రోజు మాత్రం అదే రాశాను. అంటే పుట్టిన గంటలోనే దాని మీద బట్ట పడింది. ఇన్నాళ్ళూ మిమ్మల్ని శ్రమపెట్టాను. క్షమించండి.

మీ రెండో ప్రశ్న బ్రదర్ మెక్కర్డీని అడిగాను. ఆయన అంత్యదినాల పటం పరిచి, బాణాలు గీసి, అన్నీ వరసగా చెప్పుకొచ్చారు. మీ సంగతి దగ్గరికొచ్చేసరికి కాఫీ ఉందా అన్నారు. నేను దేవుడి మాట నమ్ముతాను. నవంబరులో ఓటు కూడా ఎప్పటిలాగే వేస్తాను. అయితే యాభై ఏళ్ళుగా ఇశ్రాయేలు కోసం ప్రార్థన చేసేటప్పుడు నాకు కనబడింది ఆ పటమే. అందులో బకెట్టు పట్టుకుని నిలబడ్డ పదహారేళ్ళ అబ్బాయి లేడు. ఇప్పుడున్నాడు. చివర్లో మీకేమవుతుందో నాకు తెలియదండీ. తెలియదని రాయడం నాకిదే మొదలు.

వెర్నా ల్యూ

తా.క. ఎస్తేరు తిన్న పేజీలో, గెలిచాక ఇశ్రాయేలుకు తానేం చేస్తారో ఉందట. ఎవరు రాసిచ్చారో గుర్తులేక టిల్‌మన్ గారు ఇబ్బంది పడుతున్నారు.


యెరూషలేము
సెప్టెంబరు 3

వెర్నా ల్యూ గారికి శాంతి.

తీర్పు వచ్చింది.

చేతుల విషయం: ఇద్దరు ఒకవైపు, ఒకరు ఇంకోవైపు. ఉంచడం ఆనుకోవడం కాదని తేల్చారు. ఆర్విల్ గారు ఆనుకున్న మాట నిజమే, కానీ మేజెల్ గారి మీద. ఆమెను మా సంఘం పరీక్షించడం లేదు. మీ భోజనాల బల్లలు మళ్ళీ కలిపేయవచ్చు.

కోటు విషయం: మీకో పాత నియమం చెప్పాలి. తెలిస్తే మీ సాక్ష్యం దానికి తగ్గట్టు మారుతుందేమోనని ముందు చెప్పలేదు. పెయ్య మీద మన అవసరానికి వేసినది బరువు. దాని అవసరానికి వేసినది బరువు కాదు. మంచులో కప్పిన కోటుకు మా ధర్మశాస్త్రంలో బరువే లేదు. మీ పేజీని రబ్బీలకు చదివి వినిపించాను. మీ నాన్నగారిలా టోపీ తీయడం మా పద్ధతి కాదు, దేవుడి ముందు తల కప్పుకునే ఉంటాం. పెద్దాయన లేచి నిలబడ్డారు. మిగతా ఇద్దరూ లేచారు. కాసేపు ముగ్గురూ వాదించుకోలేదు. అదీ చూశాను ఈ జన్మలో.

జెండా విషయం: అది ఎస్తేరు కోసం వేసింది కాదని మీరే రాశారు. కాబట్టి అది బరువే. ఎస్తేరు పనికిరాదు. అది మీ దగ్గరే ఉంటుంది. దేవాలయం ఆగిపోయిందని దిగులుపడకండి. దేవుడు నాలుగు వేల ఏళ్ళు మాట గుర్తుపెట్టుకున్నాడని మీరే కదా రాశారు.

ఇప్పుడు నేనొకటి ఒప్పుకోవాలి. మీ మొదటి ఉత్తరంలో చెవి బిళ్ల నంబరు 47 అని రాశారు. ఫోటోలో కూడా కనిపిస్తోంది. చెవికి రంధ్రం పడిందంటే లోపం ఉన్నట్టే. అందులో వాదనకు చోటే లేదు. జూన్‌లోనే ఒక్క వాక్యంలో జవాబు రాసి ఉండాల్సింది. రాయబోయాను. అయితే మీ తా.క. చదివాను, తీగ దాకా వెంట వస్తుందని. ఇంకో ఉత్తరం రానిద్దామనుకున్నాను. మీ భోజనాల బల్లలు విడిపోయాయని చదివిన రోజున సిగ్గేసింది. క్షమించండి. రబ్బీలు కూడా మొదటి రోజే ఆ రంధ్రం చూశారు. ఎవరూ పైకి అనలేదు. అరవై ఒక్కమంది చేతుల ప్రశ్న రెండు వేల ఏళ్ళలో ఎవరూ అడగలేదట, వదులుకోవడానికి మనసొప్పలేదట.

చివర్లో నాకేమవుతుందో తెలియదని రాశారు. మమ్మల్ని ప్రేమిస్తున్నామని చాలామంది ఉత్తరాలు రాస్తారు. చివర్లో మాకేమవుతుందో వాళ్ళందరికీ తెలుసు. తెలియదన్నది మీరొక్కరే. దస్త్రం 47 మూసేశాను. తెలియదని రాసిన ఆ ఒక్క పేజీ మాత్రం అందులో పెట్టలేదు, నా బల్ల మీద ఉంది.

మీ సహోదరుడు,
గెర్షోన్

తా.క. ఎస్తేరుకు ఎప్పుడైనా ఎర్ర పెయ్య పుడితే చెవికి బిళ్ల వేయకండి. చలిగా ఉంటే కోటు మాత్రం కప్పండి.