దేవకి బతికే ఉందని రాయి

కన్నూరు, బుధవారం

అక్కా, నేను కులాసా. నవల చదవడం పూర్తిచేశానని నువ్వు రాసిన కార్డు నాకంటే ముందు పోస్టుమాన్ చాత్తుక్కుట్టి చదివాడు. షెడ్డులో బీడీలు చుట్టేవాళ్లకు, వాళ్లు పనిచేస్తుండగా, నేనింకా ఆ నవల సగం వరకే చదివి వినిపించాను. వాడు గుమ్మంలోంచే "మీ దేవకి చివర్లో చచ్చిపోతుందటగా!" అని అరిచాడు. అందరి చేతులూ ఆగిపోయాయి. "ఇక చదవకురా కుంజిరామా, చచ్చేదాని కబుర్లు నాకెందుకు?" అంది ముసలి నారాయణి. అప్పట్నుంచి పుస్తకం మూసే ఉంది.

నువ్వు రాసింది వేరే పుస్తకం సంగతనీ, దేవకికి ఏమీ కాదనీ వెంటనే ఇంకో కార్డు రాయి. కవరు వద్దు, చాత్తుక్కుట్టి చదివి అరవాలి. ఈ ఉత్తరం మాత్రం వాడికి చిక్కకుండా నేనే టౌనులో వేస్తున్నాను. ఆవు ఈనిందా? అమ్మ మోకాలు ఎలా ఉంది? అమ్మకూ బావకూ దండాలు. నారాయణి ఏడిస్తే ఆఖరి పేజీ దగ్గరే ఏడవనీ.

తమ్ముడు