మిగతా వానలు వెనక్కి పంపండి

కంప్యూటర్లో మూటలు కట్టే అబ్బాయికి,

రిటైరైన లెక్కల టీచరు రాయునది. ఇక్కడ అందరం క్షేమం అని రాద్దామనుకున్నాను. కానీ అబద్ధంతో మొదలుపెట్టడం నాకు అలవాటు లేదు.

మావారు ముప్ఫై ఒక్క ఏళ్ళు, ఒక్క రోజు తప్పకుండా, పెరట్లో గాజు కొలపాత్ర పెట్టి వాన కొలిచి నోటుపుస్తకాల్లో రాశారు. ఆయన పోయారు. పుస్తకాలను చెదలు తిన్నాయి. అదృష్టం, అంతకుముందే మా మనవరాలు వాటన్నిటినీ అక్షరం పొల్లుపోకుండా కంప్యూటర్లోకి ఎక్కించింది. ఎక్కించి ఊరుకోక, “మూట కట్టేశా నానమ్మా, చిన్నదైపోయింది” అంది. ఎంత చిన్నదని చూశాను. నూరు పాళ్ళు ఇస్తే తొమ్మిది పాళ్ళు మిగిలింది.

మూట కట్టిన ఆ ప్రోగ్రాం అడుగున, ఎవరూ చదవని నలభై పేజీల్లో మీ పేరూ చిరునామా దొరికాయి. నేను చదివాను. నేను అన్నీ చదువుతాను. మిగతా తొంభై ఒక్క పాళ్ళ వాన వెంటనే వెనక్కి పంపండి.

ఇట్లు,
మోసపోయినా లెక్క మరిచిపోని,
టీచరు

తా.క.: దాచుకోవడానికి మీకు మా ఇంటి వానే దొరికిందా?

•

టీచరుగారికి నమస్కారాలు.

నేను కళ్ళద్దాల దుకాణంలో అద్దాలు అరగదీసేవాణ్ణి. ఇంటికొచ్చాక వంటింటి బల్ల మీద కూర్చుని ఈ ప్రోగ్రాం ముక్కను చూసుకుంటాను, ఇరవై ఏళ్ళుగా. మావాళ్ళు ఇలాంటి ముక్కను లైబ్రరీ అంటారు. ఎవరైనా ఊరికే తీసుకుని, లోపల ఏముందో చదువుకుని, తమ ప్రోగ్రాములో పెట్టుకోవచ్చు. పెట్టుకున్నారు కూడా. ఆస్పత్రి స్కానింగు యంత్రాల్లో ఉంది, విమానాల్లో ఉంది, మీ చేతిలోని ఫోనులోనూ ఉంది.

మీ వాన ఎక్కడికీ పోలేదండీ. ఒకసారి వచ్చిన మాట మళ్ళీ వస్తే నా ప్రోగ్రాం మళ్ళీ రాయదు. “వెనక్కి రెండొందల అక్షరాలు వెళ్ళి, అక్కణ్ణించి నలభై తెచ్చుకో” అని గుర్తు పెట్టుకుంటుంది. మూట విప్పి చూడండి.

ఇట్లు,
మీ వానలో తడవని,
అద్దాలవాడు

తా.క.: ఏదైనా అడగాలంటే ఈ నెలలోనే అడగండి. వచ్చే నెల ఈ పనంతా, తాళాలతో సహా, వేరే అతనికి అప్పగించేస్తున్నాను. ఆలస్యం చేస్తున్నానని ముగ్గురు వారం వారం తిడుతున్నారు. ఇక నావల్ల కాదు.

•

అద్దాల అబ్బాయికి,

విప్పాను. చెదలకు రుచించని పన్నెండో పుస్తకం ఒక్కటి మిగిలింది. దాన్ని పక్కన పెట్టుకుని మూడు రోజులు వరుస వరుసా పోల్చాను. తప్పు పట్టాలనే కూర్చున్నానని వేరే చెప్పక్కర్లేదు. నలభై ఏళ్ళ సర్వీసులో నా చేతికి తప్పు దొరకని కాగితం ఇదే మొదటిది. మావారు కొట్టేసి మళ్ళీ రాసిన అంకె కూడా అలాగే ఉంది. ఏడాదంతా గోరంత చోట పడుకుని, లేవమనగానే చెక్కు చెదరకుండా లేచి కూర్చుంది. నా చేతి వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి నాయనా. పిల్లలకు గుణకారం నేర్పినదాన్ని, ఇంత సొగసైన లెక్క చూడకుండానే పోయేదాన్ని.

ఇంతకీ ఆ తిట్టే ముగ్గురూ మీ పై అధికారులా? వాళ్ళు రాసినవి నాకు పంపండి. మనవరాలు మీకు మా మూట ప్రతి ఒకటి పంపుతోంది. రెండు చోట్ల ఉంటే నాకు ధైర్యం. చదవకండి, కొన్ని వాక్యాలు బయటివాళ్ళకు అక్కర్లేదు.

ఇట్లు,
టీచరు

తా.క.: మా కోడలు వాళ్ళమ్మతో గంటసేపు ఫోనులో మాట్లాడింది. మీ పద్ధతిలో రాసి చూశాను. పోస్టుకార్డులో సగం ఖాళీ మిగిలింది.

•

మామ్మగారికి,

నాకు పై అధికారులెవరూ లేరు. ఆ ముగ్గురి ముఖాలు నేను చూడలేదు. పని తీసుకుంటానన్న అతన్నీ చూడలేదు, కానీ చాలా మర్యాదస్తుడు. రెండేళ్ళుగా సాయం చేస్తున్నాడు. నలుగురి ఉత్తరాల నకళ్ళూ, నేను చేసిన మార్పుల తేదీల జాబితా పంపుతున్నాను. చూసి మీరూ నన్నే తిడతారు.

ఇట్లు,
అలసిపోయిన,
అద్దాలవాడు

తా.క.: మీ పోస్టుకార్డు సంగతి విని మా ఆవిడ నా మాటల్ని కూడా మూట కట్టింది. స్టాంపు వెనక పట్టాయట.

•

అబ్బాయ్,

తాళాలు ఎవరికీ ఇవ్వకు!

మీరు ఆఖరి మార్పు చేసి ఇరవై ఆరు నెలలైందని ముగ్గురూ తిట్టారు. “పాపం, ఇరవై ఆరు నెలలుగా చెయ్యి ఆడట్లేదు మీకు” అని ఆ మర్యాదస్తుడు జాలిపడ్డాడు. మీ జాబితా పట్టి నేను లెక్క వేశాను. పందొమ్మిది. ఒకే సరైన జవాబు నలుగురు రాస్తే చదివొచ్చారనుకుంటాం. ఒకే తప్పు నలుగురు రాస్తే, ఆ నాలుగు కాగితాలకూ చెయ్యి ఒకటే.

ఇప్పటిదాకా అతను ఇచ్చిన ప్రతి వరుసా దిద్దండి. మావారి వానలు అందులో ఉన్నాయి.

ఇట్లు,
టీచరు

తా.క.: ఎర్రసిరా పెన్ను పంపుతున్నాను. పాతదే, చాలామందిని ఏడిపించింది.

•

మామ్మగారికి పాదాభివందనాలు.

మీ పెన్నుతోనే దిద్దాను. పరీక్ష కోసమంటూ అతనిచ్చిన ఒక నమూనా ఫైలు కడుపులో చిన్న గడియ ఉంది. నేను తాళాలిచ్చిన మర్నాడు అది కోట్ల యంత్రాల తలుపులు బయటివాడికి తీసేది. తీసేసి, అందరికీ చెప్పేశాను. అదే రోజు ఆ నలుగురి నోళ్ళూ మూతపడ్డాయి. విషయం తెలిసి నిజమైన మనుషులు ఇద్దరు సాయానికి వచ్చారు. ఒకామె ఇప్పుడు మా వంటింటి బల్లకు అవతల కూర్చుని నా తప్పులు చదువుతోంది. నేను మానట్లేదు.

ఒక్క మనవి. ఆ దొంగ ఫైలు ఉన్నచోట ఒక పెద్ద రాత కావాలి. ప్రోగ్రాములో ఎవరు ఎక్కడ ఒక్క వరుస మార్చినా ఆ రాతని మూట కట్టి, విప్పి, అక్షరం అక్షరం పోల్చి చూస్తాం. మీవారి పుస్తకాలు పెట్టుకోనిస్తారా? పెడితే లోకమంతా చదువుతుంది మరి.

ఇట్లు,
మీ అద్దాలవాడు

తా.క.: ఒట్టు, నేను చదవలేదు. అంత చిన్నగా ఎలా కట్టిందా అని ప్రోగ్రాముని అడిగితే అదే చెప్పింది. ఒక వాక్యం నాలుగు వేల పన్నెండు సార్లు ఉందట. “వాన లేదు, ఆవిడ ఉరుముతోంది.”

•

నాయనా,

పెట్టుకో.

ఆ వాక్యం కోసమే చదవొద్దన్నాను. పన్నెండో పుస్తకంలోనే నూట ఇరవై సార్లు చూశాను. మొదటి రోజు కోపమొచ్చింది. రెండో రోజు లెక్కపెట్టాను. మూడో రోజు, అన్నిసార్లు ఈయన ఆకాశం చూసి, ఆ వెంటనే నన్ను చూశాడన్నమాట అనుకున్నాను. ఇక ఏ ఊళ్ళో ఎవరు ఏ వరుస మార్చినా, ముందు ఆయన వచ్చి నా గురించి ఆ ఫిర్యాదు చేసి వెళ్ళాలన్నమాట. కానివ్వు.

ఇట్లు,
మీ మామ్మ

తా.క.: లెక్క గుర్తుంచుకో, నాలుగు వేల పన్నెండు. ఎప్పుడైనా ఒక్కటి తగ్గిందో, అక్కడికొచ్చి ఉరుముతాను.