పేపర్ పెట్టేదాంక

శంకరన్నా,

నువ్వు పోయి ఇయ్యాల్టికి ఏడాది. మన పసుపు మండీల కొత్త కంప్యూటర్ పెట్టిండ్రు. నువ్వు రాసిన బస్తాల చీట్ల ప్రోగ్రాం ఫ్లాపీలకెళ్లి దాంట్లకు ఎక్కించేసరికి నా నడుము పోయింది.

చీటీ ప్రింటయ్యే ముందు అది జరసేపు ఆగుతది. ఎందుకో ఎన్నడూ అడగలే. ఇయ్యాల ప్రోగ్రాం తెరిచి చూస్తే, అట్ల ఆపే లైను పక్కన ఇంగ్లిష్ అక్షరాలల్ల తెలుగే రాసిపెట్టినవు: "పద్మ చెయ్యి నిదానం. పేపర్ పెట్టేదాంక ఆగాలె."

మొకం మీదనేమో "జల్ది కానియ్యి పద్మా" అని ఒర్లుతుంటివి.

కొత్త ప్రింటర్ పేపర్ దానంతటదే గుంజుకుంటది. గా లైనుతోని పని లేదు. ఏ లైను ఎందుకు రాసినమో పక్కన రాయాలె, అది కంప్యూటర్ చదువదు గని తర్వాతొచ్చేటోళ్లు చదువుతరు అంటుంటివి.

గా లైను తీయలే అన్నా. దాని కిందనే ఇంకో ముక్క రాసిన: "పద్మ చదివింది. లైను ఉండనియ్యుండ్రి."